ఎల్విరా పేరు ఎవరు పిలుస్తారు

తాళంచెవి

కొత్త ఊరికి వెళ్ళగానే మేయరు దగ్గరికి పరిగెత్తకండి. ఎన్నికలు లేని ఏడాదిలో, ఏ హడావుడీ లేని ఒక మధ్యాహ్నం, బజార్లో నిలబడి ఒక్క మాట అడగండి. ఈ ఊళ్ళో పార్టీ ఆఫీసు తాళంచెవి ఎవరి దగ్గరుంది? రొట్టెలమ్మే ఆవిడ తలెత్తకుండానే ఫలానా వాళ్ళింట్లో అని చెప్పేస్తే ఆ ఊళ్ళో పార్టీ బతికుందన్నమాట. కనుక్కుని చెబుతానంటే మంచాన పడిందన్నమాట. ఏ పార్టీ అని ఆవిడే మిమ్మల్ని ఎదురు అడిగిందనుకోండి, ఇక ఆఫీసు కోసం వెతుక్కోనక్కర్లేదు, బస్సెక్కి వెనక్కి వచ్చేయవచ్చు.

మా వీధి చివరింటి సాహితికి మొన్న ఇదే చెప్పాను. వాషింగ్టన్ పక్కనున్న ఈ ఆష్‌బర్న్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఇక్కడి పిల్లల్లో సగంమంది డేటా సెంటర్ల వైపు పోతుంటే, తను రాజనీతి చదివి ఒక యూనివర్సిటీ ప్రాజెక్టులో చేరి పెరూ వెళ్ళే పనిలో ఉంది. ల్యాప్‌టాప్ తెరిచిపెట్టుకుని, "ఆంటీ, మీ మెథడాలజీ ఏంటి?" అని అడిగింది. తాళంచెవి అన్నాను. ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూసేసింది. ఇది ముఖ్యంగా ఆ పిల్ల కోసం రాస్తున్నాను. ఇంకెవరైనా మనవాళ్ళు పొరపాటున ఈ పనిలోకి వస్తే వాళ్ళకూ పనికొస్తుంది.

పొరపాటున అని ఎందుకన్నానంటే, ఇన్నేళ్ళలో నా ఉద్యోగం ఏమిటో ఇక్కడ ఒక్కరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఎవరింటికైనా వీకెండ్ భోజనానికి వెళితే, ఐటీనా, బ్యాంకింగా అని అడిగేవారు. దక్షిణ అమెరికాలో ఎలక్షన్లు చూస్తానండీ అంటే, "ఓహో, దాని మీద గ్రీన్ కార్డు ఇస్తారా?" అని ఒకాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నేను చూసింది ఎలక్షన్లు కూడా కాదు. పెరూ, బొలీవియా, ఈక్వడార్, కొలంబియా, అంటే ఆండీస్ కొండలు నడిమధ్య నుంచి పోయే దేశాలు. అక్కడ రాజధాని గుప్పిట్లో ఉన్న అధికారాన్నీ డబ్బునూ ఊళ్ళకు పంచారు. పంచినప్పుడు దేశమంతా ఉన్న పెద్ద పార్టీలు ఏమవుతాయి? బలపడతాయా, ఊరికొక ముక్కగా విరిగిపోతాయా? వెళ్ళి చూసి రావడం నా పని. వాషింగ్టన్‌లో ఒక చిన్న సంస్థ నాకు జీతమిచ్చి ఈ ఒక్క ప్రశ్న వెంట తిప్పింది.

ఆ సంస్థ ఇప్పుడు లేదు. మేముండే అంతస్తులో ఇంకేదో కంపెనీ వచ్చింది. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే నేను పక్క వీధిలోంచి తిప్పి డ్రైవ్ చేస్తాను.

వాల్టర్ అడిగే ప్రశ్న

మా బాస్ పేరు వాల్టర్. ఒహాయో మనిషి. మనుషుల పేర్లు గుర్తుండేవి కావు కానీ వాళ్ళింట్లో ఏం వండారో గుర్తుండేది. నేను ఫీల్డ్ నుంచి తిరిగొచ్చి రిపోర్టు బల్లమీద పెడితే, దాన్ని ముట్టుకోకుండా, ఎవరితో కూర్చుని భోంచేశావు అని అడిగేవాడు. మేయరుతోనూ, గవర్నరుతోనూ అని చెబితే రిపోర్టు అలాగే నా వైపు తోసేసేవాడు. మళ్ళీ వెళ్ళమనేవాడు. పదవిలో ఉన్నవాడు మనకు మాటలిస్తాడు, పదవి లేనివాడు మనకు టైమిస్తాడు, మనకు కావలసింది రెండోది అనేవాడు.

మంచి బాస్ అని నేనను. ఆఫీసులో మనిషి కష్టమేమిటో పట్టేది కాదు. మా అమ్మ పోయిన వారం నన్ను బొలీవియా టికెట్ బుక్ చేసుకోమన్నాడు. కానీ పని నేర్పాడు. ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి మాత్రం మీరు కూడా పాటించండి. పార్టీ మీటింగుకు వెళితే వెనక బెంచీ మీద కూర్చోవాలి. వాళ్ళ కండువా వేస్తే మర్యాదగా తీసి మడిచి ఇచ్చేయాలి. చప్పట్లు కొట్టకూడదు. నినాదాలు అందుకోకూడదు. పెదవులు కూడా కదపకూడదు. మనం ఒక్క పార్టీతో గొంతు కలిపినా రెండో పార్టీ మనకు తలుపు తీయదు. ఇది వినడానికి తేలిక. నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే అని అప్పుడు తెలియలేదు.

ఆ నాలుగు దేశాల్లో జరిగిందేమిటో సూటిగా చెబుతాను. పాత రోజుల్లో కొండ మీద చిన్న ఊళ్ళో ఒకడు పైకి రావాలంటే పార్టీలో చేరాలి, జెండా మొయ్యాలి, రాజధానిలో పెద్దల గుమ్మం ముందు నిలబడాలి. కొలంబియాలో అయితే ఒకప్పుడు మేయర్లను పైనుంచే వేసేవారు. తర్వాత మేయర్లను జనమే ఎన్నుకోవడం, డబ్బు నేరుగా ఊరి ఖజానాకు రావడం మొదలయ్యాయి. బొలీవియాలో రోడ్డు కూడా లేని ఊళ్ళకు వాటా వచ్చింది. అప్పటికి ఊరి నాయకుడికి ఒక సంగతి అర్థమైంది. తనకు పార్టీ అక్కర్లేదు, పార్టీకే తను కావాలి. ఇంకొన్నాళ్ళకు అదీ పోయింది. సొంతంగా ఒక పేరు, ఒక గుర్తు పెట్టుకుని నిలబడితే సరిపోతోంది. పెద్ద పార్టీలు పైనుంచి కూలలేదు. కిందనుంచి ఖాళీ అయ్యాయి.

తాంబోకోచ

ఊరి పేరు మార్చి తాంబోకోచ అంటున్నాను, మనుషుల పేర్లూ మార్చాను. పెరూ మధ్య కొండల్లో, బస్సు మలుపులు తిరిగి తిరిగి ఎక్కితే వచ్చే ఊరు. పైన గని, కింద బంగాళాదుంప చేలు. దేశమంతా ఉన్న ఒక పాత పార్టీకి అక్కడ శాఖ ఉండేది. దాని గుర్తు గంట. తాళంచెవి దోన్ ఫౌస్తో కటింగ్ షాపులో అద్దం పక్కన మేకుకు వేలాడేది. దోన్ అంటే మన గారు లాంటిది, ఆడవాళ్ళకైతే దోన్యా. ఫౌస్తో ఆ శాఖ కార్యదర్శి. గెడ్డం గీస్తూ రాజకీయాలు మాట్లాడేవాడు, అందుకని ఎవరూ ఆయనతో వాదించేవారు కాదు.

దోన్యా ఎల్విరా ఆ ఊరి బడి పంతులమ్మ, శాఖలో ఆడవాళ్ళ తరఫున ఆవిడే పెద్ద. ఇంచుమించు నా ఈడుది. మొదటిసారి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు నేను మాంసం తిననని తెలిసింది. అయ్యో పాపం అని జాలిపడలేదు, నువ్వేం మనిషివన్నట్టు చూడలేదు. వెడల్పాటి రాతి ముందు కూర్చుని, పచ్చిమిరపకాయలూ, ఘాటైన ఏదో ఆకూ, ఉప్పూ వేసి నూరింది. ఉడికిన దుంపల పక్కన అది పెట్టింది. ఒక ముద్ద తిని నేను చెయ్యి ఆపి ఆ రాతి వైపే చూశాను. కారం ఎక్కువైందా అని అడిగింది. కాదు, మా ఊళ్ళో కూడా ఇలాగే రాతి మీద నూరతాం అని చెప్పాను. అప్పటినుంచి నేను ఎప్పుడు వెళ్ళినా ఆవిడ నూరేది, నేను పక్కన కూర్చునేదాన్ని. ఆ ఆకు ముద్దగా నూరి సీసాలో పెట్టి ఇక్కడ లాటిన్ కిరాణాల్లో అమ్ముతారు. నేను కొంటూనే ఉంటాను. ఇది అది కాదు.

పార్టీ పుట్టినరోజున శాఖ వాళ్ళంతా ఆఫీసు వెనక పెరట్లో చేరేవారు. గొయ్యి తవ్వి, ఎర్రగా కాల్చిన రాళ్ళ మధ్య దుంపలూ చిక్కుడుగింజలూ మాంసమూ పేర్చి, మట్టి కప్పి ఉడికిస్తారు. అది ఉడికేలోపు ఫౌస్తో మధ్యలో నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు. ఒక పేరు పిలిచాడు. అందరూ కలిసి గట్టిగా ప్రెసెంతే అన్నారు. ప్రెసెంతే అంటే హాజరు. ఎవరు లేచి నిలబడతారా అని చూశాను. ఎవరూ లేవలేదు. ఇంకో పేరు పిలిచాడు. మళ్ళీ అందరూ హాజరన్నారు. ఎలియాస్ అన్నప్పుడు అందరికంటే ఎల్విరా గొంతు గట్టిగా వినిపించింది. నేను నియమం ప్రకారం వెనక బెంచీ మీద నోరు మూసుకుని కూర్చున్నాను.

వాళ్ళంతా చనిపోయినవాళ్ళని తర్వాత ఎల్విరా చెప్పింది. శాఖలో ఉండి పోయిన ప్రతి ఒక్కరి పేరూ ఏడాదికోసారి పిలుస్తారు. పిలిచేవాడు పలకడు, మిగతావాళ్ళు పలుకుతారు. ఎలియాస్ ఆవిడ తండ్రి. మీ దేశంలో ఏం చేస్తారని అడిగింది. మా దగ్గర కూడా పార్టీల వాళ్ళు పోయినవాళ్ళ పేరు చెప్పి జోహార్ అంటారు, అది వందనం లాంటిది, స్తూపం కడతారు, దండ వేస్తారు అని చెప్పాను.

"అంటే మీరు సాగనంపుతారు," అంది. "మేం పంపం."

ఒక శాఖ బలమెంతో కొలవడానికి మా సంస్థలో రకరకాల కొలతలుండేవి. నేను వాటన్నిటినీ నింపాను. ఆ పెరట్లో విన్నది మాత్రం ఏ గడిలోనూ పట్టలేదు.

నా ఆంధ్రా కళ్ళజోడు

ఇక తప్పుల సంగతి. ఈ తప్పు ఒక్క తెలుగు మనిషే చేయగలదు కాబట్టి సాహితీ, జాగ్రత్తగా చదువు.

నేను గుంటూరు పక్కన పెరిగినదాన్ని. ఒక ప్రాంతీయ పార్టీ పుట్టీ పుట్టగానే ఢిల్లీ పార్టీని మట్టి కరిపించడం చిన్నతనంలో కళ్ళారా చూసినదాన్ని. ఆ రోజుల్లో మా వీధి గోడలన్నీ ఒకటే రంగు. అందుకని పెరూ కొండల్లో ఊరూరా సొంత గుర్తులతో కొత్త ఉద్యమాలు లేస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. దుంప గుర్తు, మొక్కజొన్న గుర్తు, టోపీ గుర్తు. ఇవి పెరిగి పెద్దవవుతాయి, ఒకటితో ఒకటి కలుస్తాయి, రేపు రాజధానిని కదిలిస్తాయి అని రిపోర్టు రాశాను. భలే రాశాను. వాల్టర్ దాన్ని పట్టుకుని నాలుగు మీటింగుల్లో చదివాడు.

మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి వాటిలో చాలావాటి చిరునామా లేదు. ఒకచోట ఆఫీసు ఉన్న గదిలో కోళ్ళు పెంచుతున్నారు. మన ప్రాంతీయ పార్టీకి ఊరూరా కార్యకర్తలున్నారు, భాష ఉంది, రోషం ఉంది, ఓడిపోయాక కూడా జెండా దిమ్మె దగ్గర కూర్చునేవాళ్ళున్నారు. ఈ కొండ ఊళ్ళ ఉద్యమాలకు ఒక అభ్యర్థి ఉన్నాడు, ఒక పికప్ ట్రక్కు ఉంది. అభ్యర్థి ఇంటికెళితే పార్టీ కూడా ఇంటికెళ్ళిపోయింది. రెండింటికీ ప్రాంతీయం అనే పేరు పెట్టడం చూసి నేను ఒకటే అనుకున్నాను. వాల్టర్ ఈసారి ఎవరితో భోంచేశావు అని మాత్రం అడిగాడు. కోళ్ళాయనతో అన్నాను. అయితే ఇప్పుడు రాయి అన్నాడు.

మీ ఊరి అనుభవం మీకు ప్రశ్నలివ్వాలి. జవాబులు ఇవ్వడం మొదలుపెట్టిందంటే కళ్ళజోడు తీసి తుడుచుకోండి.

దుంప గుర్తు

తాంబోకోచ పై వాడకు నీళ్ళు లేవు. గని డబ్బులో వాటా ఊరికి వస్తున్నా పైపు పడలేదు. ఈసారి మేయరుగా ఎల్విరాను నిలబెడితే పని అవుతుందని శాఖ మొత్తం ఒక్క మాట మీదుంది. ఫౌస్తో స్వయంగా బస్సెక్కి రాజధాని లిమా వెళ్ళి అడిగొచ్చాడు. లిమా పెద్దలు టికెట్టును సముద్రతీరంలో ఉండే ఒక కాంట్రాక్టరుకు ఇచ్చారు. ఆయన తాంబోకోచను అంతకుముందు చూడనైనా లేదు. ఫౌస్తో అవమానం మింగి గంటకే పని చేద్దామన్నాడు. పార్టీ తప్పు చేసింది, పార్టీ మనదే అన్నాడు.

ఎల్విరా వెంటనే ఒప్పుకోలేదు. నేను ఆ వారం అక్కడే ఉన్నాను. ఆవిడ సొంతంగా నిలబడాలా, గంటతోనే ఉండాలా అని తేల్చుకోలేక, రాతి ముందు కూర్చుని నూరుతూ నూరుతూ ఆగిపోయేది. ఫౌస్తో ఆవిడకు ఒక్కటే చెప్పాడు. గంటను వదిలిపోయినవాళ్ళను చనిపోయాక పేరు పెట్టి పిలవం, ఒకవేళ ఎవరైనా పిలిచినా మనవాళ్ళు పలకరు. అది ఆయన పెట్టిన నియమం కాదు, శాఖ పుట్టినప్పటినుంచి ఉన్నదే.

"నీళ్ళు తెస్తే నా పేరు పోతుంది, పేరు కావాలంటే నీళ్ళు రావు," అంది ఎల్విరా. "ఏం చేయమంటావు వసుధా?"

నేనేమీ చెప్పలేదు. చెప్పకూడదు. ఇప్పటికీ అదే సరైన పని అనుకుంటాను. మనం బస్సెక్కి వచ్చేస్తాం, వాళ్ళు అక్కడే ఉండాలి. కానీ ఒక స్నేహితురాలు అలా అడిగినప్పుడు నోరు మూసుకుని ఉడికిన దుంప తొక్క వలుచుకుంటూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

ఎల్విరా దుంప గుర్తు మీద నిలబడి గెలిచింది. పై వాడకు నీళ్ళొచ్చాయి. కుళాయి కింద పెట్టిన బిందె నిండేదాకా ఆ వాడ ఆడవాళ్ళు ఎవరూ మాట్లాడకపోవడం నేను చూశాను. కాబట్టి అధికారం ఊళ్ళకు పంచడం తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లిమాను నమ్ముకుని ఉంటే ఆ బిందె నేటికీ నిండేది కాదు.

అయితే గని దుమ్ము ఏటిలో కలుస్తోంది. అది పైపు వేసినట్టు ఊరి డబ్బుతో అయ్యే పని కాదు, లిమాలో తేలాల్సిన పని. ఎల్విరా లిమా వచ్చి ఒక మంత్రిత్వ శాఖ వరండాలో కూర్చుంది. నేనూ అప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్నాను కనుక పక్కన కూర్చున్నాను. కొండల నుంచి వచ్చిన మేయర్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరిది ఒక్కో గుర్తు. ఒకరికి ఇంకొకరు తెలియదు. గంట పార్టీలో ఉండగా ఫౌస్తో ఫోన్ చేస్తే ఎవరో ఒక ఎంపీ వచ్చి లోపలికి తీసుకెళ్ళేవాడు. ఇప్పుడు తీసుకెళ్ళేవాడు లేడు. ఆఫీసు మూసే వేళకు మళ్ళీ రమ్మన్నారు.

ఆవిడ పదవి అయిపోయింది. డిప్యూటీగా ఉన్నాయన ఇంకో పేరు, ఇంకో గుర్తు పెట్టుకుని నిలబడ్డాడు. దుంప ఉద్యమం మనుషులంతా అటు వెళ్ళారు. గొడవ కూడా జరగలేదు.

"నేను గెలిచిన పార్టీ నాకంటే ముందే పోయింది," అని నవ్వింది ఎల్విరా. తర్వాత నవ్వలేదు. "మా నాన్నను ఇంకా పిలుస్తున్నారు. నన్నెవరు పిలుస్తారు?"

నా చివరి ప్రయాణం పార్టీ పుట్టినరోజుకు కుదిరింది. నేను పెరట్లో నా వెనక బెంచీ మీద ఉన్నాను. ఎల్విరాకు లోపలికి రావడానికి లేదు. ఫౌస్తో ఒక్కో పేరూ పిలుస్తూ ఎలియాస్ దగ్గరికి వచ్చాడు. లోపలివాళ్ళు హాజరన్నారు. ఫౌస్తో తర్వాతి పేరుకు పోకుండా ఆగాడు. గోడ అవతల వీధిలోంచి, ఒక్క క్షణం ఆలస్యంగా, ఎల్విరా గొంతు ప్రెసెంతే అంది. అది వినిపించాకే ఆయన తర్వాతి పేరు పిలిచాడు. ప్రతి ఏడూ అంతేనని పక్కనున్నాయన చెప్పాడు. ఫౌస్తో, ఎల్విరా బజార్లో ఎదురుపడితే మాట్లాడుకోరు. ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం ఆయన ఆగుతాడు.

ఎత్తు

ఇప్పుడు నాకు గుండె సరిగ్గా లేదు. నన్ను చూసే డాక్టరు ఇక్కడి తెలుగమ్మాయే. రిపోర్టులు చూస్తూ, ఫ్లోరిడా వెళ్ళండి, హవాయి వెళ్ళండి, ఎక్కడికైనా వెళ్ళండి, "కానీ ఆంటీ, ఆ హై ఆల్టిట్యూడ్ ట్రిప్స్ ఇంక అయిపోయాయి," అంది. పైకి వెళ్ళే కొద్దీ గాలి పలచబడుతుందని నాకే బొమ్మ గీసి చూపించింది. పాపం మంచి పిల్ల. నేను బుద్ధిగా తలూపి, పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను.

చాలామంది రిటైరైనవాళ్ళకు ఆఫీసు మీద బెంగ ఉంటుంది. నాకు లేదు. నాకు ఆ చలి కావాలి. బస్సు దిగగానే తలనొప్పి, దానికి మందుగా కోకా ఆకు మరిగించిన నీళ్ళ గ్లాసు చేతిలో పెట్టే మనిషి, మధ్యాహ్నం నాలుగింటికి కొండ నీడ ఊరి మీద పడడం, రాతి మీద మిరపకాయ నలిగే చప్పుడు కావాలి. ఆష్‌బర్న్ చదునైన ఊరు. మా ఇంటి వెనక చెట్లు దాటితే కిటికీలు లేని డేటా సెంటర్ల గోడలు, పగలూ రాత్రీ ఒకటే హోరు. ప్రపంచంలో అందరి సంగతులూ వాటిలోనే ఉంటాయట. ఇన్నేళ్ళున్నాను, ఈ ఊళ్ళో నేను లేనిరోజున నా పేరు పిలిస్తే పలికే గుంపు ఏదని అప్పుడప్పుడూ అనుకుంటాను. పండగ ఫోటోల్లో చాలామందిమి ఉంటాం. అది వేరు.

చలికాలం మొదట్లో ఎల్విరా మేనకోడలు మెసేజ్ పెట్టింది. అత్త నిద్రలోనే వెళ్ళిపోయిందని. గంట పార్టీకి దేశంలో ఓట్లు చాలక గుర్తింపు రద్దయి అప్పటికే చాలా కాలమైంది. ఆఫీసూ పెరడూ పోయాయి, మిగిలినవాళ్ళు కటింగ్ షాపులోనే చేరుతున్నారట. దుంప ఉద్యమం ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆవిడ పేరు పిలవడానికి ఉన్న చోటు ఫౌస్తో కటింగ్ షాపు ఒక్కటే, పలకకూడని నియమం ఉన్నదీ అక్కడే.

హాజరు

ఇదంతా రాస్తుండగానే సాహితి పెరూ చేరింది. పార్టీ పుట్టినరోజున తాంబోకోచ వెళ్ళి చూడమన్నాను. ఎల్విరా గురించి ఒక్క మాట కూడా అడగవద్దన్నాను. వెనక కూర్చో, చూడు, నోరు విప్పకు అన్నాను. నేను వాల్టర్‌లాగే మాట్లాడుతున్నానని నాకే తెలుస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. చలికాలంలో మా గడియారం, వాళ్ళ గడియారం ఒకటే, అక్కడా ఇక్కడా ఎండ ఒకేలా ఉంది. నేను వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాను. ఫోన్లో ఇరుకైన షాపు, గోడవారగా కుర్చీల మీద గుప్పెడుమంది ముసలివాళ్ళు. తాళంచెవి ఇంకా అద్దం పక్కన మేకుకే ఉంది. దానితో తెరిచే తలుపు లేదు.

"ఆంటీ, ఫౌస్తో తాత మీతో మాట్లాడతా అంటున్నారు," అని సాహితి ఫోన్ ఆయన ముందుకు చాపింది.

ఫౌస్తో బాగా ముసలివాడైపోయాడు. గెడ్డం మాత్రం నున్నగా ఉంది. ఆరోగ్యం అడగలేదు, వాతావరణం అడగలేదు.

"ఇంకా పరిశీలకురాలివేనా?" అన్నాడు.

"కాదు దోన్ ఫౌస్తో. రిటైరయ్యాను."

"మా పార్టీలో ఎప్పుడూ లేవు కదా?"

"లేను."

"అయితే మా నియమం నీకు లేదు. మీ నియమమూ ఇప్పుడు నీకు లేదు," అన్నాడు. ఫోన్ సాహితి చేతికిచ్చేశాడు.

కటింగ్ కుర్చీ పక్కన నిలబడి పిలవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు కూడా కాగితం లేదు. ఒక్కో పేరుకూ ముసలి గొంతులు హాజరంటున్నాయి. ఎలియాస్ అన్నప్పుడు అందరూ పలికాక, అలవాటు కొద్దీ ఆయన ఆగాడు. వీధి వైపు చూశాడు. ఏ గొంతూ రాలేదు. తర్వాతి పేరుకు వెళ్ళాడు. వెళుతూ వెళుతూ చివరికొచ్చాడు. ముసలివాళ్ళు కుర్చీల్లోంచి లేవబోయారు. ఫౌస్తో కదల్లేదు.

"ఎల్విరా," అన్నాడు. "ఎలియాస్ కూతురు."

షాపులో ఎవరూ పలకలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిలవకూడదన్న నియమం ఆయన దాటాడు, పలకకూడదన్నది వాళ్ళకింకా ఉంది. పిలిచినవాడు పలకకూడదు, అదీ నియమమే. ఫౌస్తో వాళ్ళ వైపు చూడలేదు. సాహితి చేతిలో ఉన్న ఫోన్ వైపు చూస్తున్నాడు. ఆయన నన్ను ఎందుకు అలా అడిగాడో అప్పుడు అర్థమైంది.

ప్రెసెంతే అన్నాను. ఇన్నేళ్ళ పెరట్లు, బెంచీలు, మింగిన మాటలు అన్నీ ఆ ఒక్క మాటలో బయటికొచ్చాయి. నా వంటింట్లో నా గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. షాపులో మొదట ఒకాయన, తర్వాత ఇద్దరు ముగ్గురు, చివరికి అందరూ హాజరన్నారు. ఫౌస్తో కళ్ళద్దాలు తీసి, పక్కనున్న కస్టమర్ల తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఫోన్లో దృశ్యం అటూ ఇటూ ఊగింది. ఒక మూల అద్దంలో సాహితి ముఖం కనిపించింది. కళ్ళనిండా నీళ్ళు, పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. ఒక్క మాట పలకలేదు. ఈ ఉద్యోగానికి పనికొస్తుంది.